పనామా లాకులు, బేగంపేట దోమ

పనామా కాలువ దాటే రోజు తెల్లవారకముందే క్రూయిజ్ ఓడ పై డెక్ నిండిపోతుంది. గాటున్ లాకుల దగ్గర ఇద్దరు మనుషులు చిన్న తెడ్ల పడవలో ఓడకి ఎదురొచ్చి తాడు అందిస్తారు. తర్వాత ‘మ్యూల్స్’ అని పిలిచే కరెంటు ఇంజన్లు గట్టు మీది పట్టాలపై నడుస్తూ ఓడని అటూ ఇటూ కదలకుండా పట్టుకుంటాయి. పాత లాకు వెడల్పు 33.5 మీటర్లే. పెద్ద ఓడకీ గోడకీ మధ్య మూరెడు సందు మిగిలితే గొప్ప.

మూడు మెట్లలో ఓడ 26 మీటర్లు పైకి లేస్తుంది. పంపు అన్నది లేదు. గాటున్ సరస్సు నీరు పల్లానికి దిగుతూ ఓడని ఎత్తుతుంది. గోదావరి కాలవల మీద లాకులు చూసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు, ఈ కొలతలే కొత్త. ఒక్క ఓడ దాటేసరికి దాదాపు 20 కోట్ల లీటర్ల మంచినీళ్ళు సముద్రంలో కలుస్తాయి. 2023లో వానలు ముఖం చాటేస్తే రోజుకి ఇన్నే ఓడలని కోత పెట్టారు.

విసుగు పుట్టించేది ఓడ మైకు. ఎంత కాంక్రీటు, ఎంత సుంకం, ఎన్ని టన్నులు, రోజంతా ఇదే పాట. కాలువ తవ్వనిచ్చింది దోమ మీద గెలుపు. ఆ మాట మొట్టమొదట చెప్పాలి.

కాలువ తవ్వడానికి 1881లో దిగిన ఫ్రెంచివాళ్ళకి యంత్రాలకి కొదవలేదు, వెనక సూయజ్ తవ్విన లెసెప్స్ పేరుంది. ఎనిమిదేళ్ళలో 20 వేల పైచిలుకు మంది చనిపోయారని అంచనా. ఆస్పత్రిలో చీమలు ఎక్కకుండా మంచాల కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టారు. ఎల్లో ఫీవర్ దోమలు ఆ గిన్నెల్లోనే పుట్టాయి! 1904లో, ఆ పని అందుకున్న అమెరికన్ల తరఫున వచ్చిన డాక్టర్ గోర్గాస్ ఇళ్ళకి పొగ పెట్టించాడు, నిలవనీళ్ళ మీద నూనె చల్లించాడు, కిటికీలకి జాలీలు కొట్టించాడు. రెండేళ్ళలో ఎల్లో ఫీవర్ పోయింది. అయినా అమెరికన్ల కాలంలో మరో 5,609 మంది పోయారు. ఎక్కువమంది బార్బడోస్ వంటి దీవుల నుంచి వచ్చిన నల్లజాతి కూలీలు. తెల్లవాళ్ళ జీతం బంగారు పద్దులో, వీళ్ళది వెండి పద్దులో ఉండేది.

మధ్యాహ్నం దాటాక పనామా నగరంలోని పాత ఊరు, కాస్కో వియెహో. 1671లో సముద్రదొంగ మోర్గాన్ దాడిలో తొలి పనామా నాశనమయ్యాక, 1673లో స్పెయిన్‌వాళ్ళు కట్టుకున్న ఊరు ఇది. అక్కడి చర్చిలో బంగారు బలిపీఠం దగ్గర గైడ్లు చాలాసేపు ఆపుతారు. ఫ్రెంచి కూడలికి వచ్చేసరికి తొందరపెడతారు. ఆగాల్సింది అక్కడే. కోడిపుంజు నిలబడిన స్తంభం చుట్టూ ఫ్రెంచి ప్రయత్నంలో పాలుపంచుకున్నవారి విగ్రహాలు, వాటి దగ్గరే క్యూబా డాక్టర్ కార్లోస్ ఫిన్లే పేరు. ఎల్లో ఫీవర్‌ని మోసేది దోమేనని ఆయన హవానాలో చెప్పింది కూడా ఆ 1881లోనే. ఇరవై ఏళ్ళ దాకా ఎవరూ చెవిన పెట్టలేదు.

ఇక మలేరియా, కాలువ దగ్గర దోమ మోసిన రెండో జబ్బు. ఆ గుట్టు విప్పింది మన సికింద్రాబాదు. 1897 ఆగస్టు 20న డాక్టర్ రొనాల్డ్ రాస్ బేగంపేటలో దోమ కడుపు కోసి మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమ తాగింది హుస్సేన్ ఖాన్ అనే రోగి రక్తం. కుట్టిన ఒక్కో దోమకి అతనికి ఒక అణా ఇచ్చారు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. రాస్ పనిచేసిన భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. హైదరాబాదులో పుట్టి పెరిగినవాళ్ళు ఎంతోమంది దాని గడప తొక్కి ఉండరు. పిల్లలకి చార్మినార్‌తో పాటు దాన్నీ చూపించాలి, హుస్సేన్ ఖాన్ పేరు చెప్పి మరీ చూపించాలి.