జీలుగు కల్లు పట్టే పాత్ర

దుమ్ముగూడెం మండలంలోని కోయగూడేలకు వెళ్లినవారు ఇంటి చూరుకు వేలాడే సొరకాయ బుర్రలను చూసే ఉంటారు. నీళ్లకూ అదే, కల్లుకూ అదే. ఈ ప్రాంతపు కల్లు అనగానే తాటికల్లు ఒక్కటే కాదు, జీలుగు కల్లు కూడా. జీలుగు చెట్టు గెలను కోసి కట్టిన పాత్రలోకి, చెట్టు బాగుంటే, రోజుకు పది లీటర్లకు పైగా రసం దిగుతుంది.

పాఠకులకు ముందుగా ఒక మాట. కల్లు తాగమని చెప్పడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. కాలేయం చెడినవారు, గర్భిణులు, మూర్ఛకు మందులు వాడేవారు దాని జోలికే పోరాదు. అయితే పెళ్లికీ పండుగకూ కల్లు లేని గూడెం నేను చూడలేదు. తాగేవారు తాగుతూనే ఉన్నప్పుడు అది ఏ పాత్రలో నిలువ ఉంటున్నదో విచారించడం వైద్యుని పనే అని నా అభిప్రాయం.

చెట్టు నుండి కారేటప్పుడు ఆ రసం తియ్యని నీరు మాత్రమే. గాలిలోనివి, పాత్ర గోడలకు అంటుకొని ఉన్నవి అయిన ఈస్టు కణాలు, బాక్టీరియా కొన్ని గంటలలోనే దానిని పులియబెడతాయి. చక్కెర సారాయంగా మారుతుంది, బొగ్గుపులుసు వాయువు నురగై పొంగుతుంది, మరునాటికి పులుపు ముదిరి వెనిగరు దారి పడుతుంది. కనుక కల్లుపాత్ర రెండు పరీక్షలకు నిలవాలి. పులుపుకు తాను కరగకూడదు, పుట్టే వాయువుకు దారి ఇవ్వాలి.

సొరబుర్ర ఈ రెండింటికీ నిలుస్తుంది. ముదిరి ఎండిన కాయకు మూతి కోసి, నీళ్లు పోసి నానబెట్టి, కుళ్లిన గుజ్జునూ గింజలనూ తీసివేసి ఎండబెడతారు. నీళ్లు పలుమార్లు మార్చి చేదు పూర్తిగా పోయేదాకా నానబెట్టాలి. చేదు సొరలోని పదార్థం వాంతులకు, రక్తవిరేచనాలకు కారణం కాగలదు. చేయి దూరని బుర్రలో గుప్పెడు గరుకు ఇసుక, వేడినీళ్లు పోసి బాగా కదిపితే లోపలి జిడ్డు ఊడివస్తుంది. మట్టికుండకు సబ్బు పనికిరాదు. దాని సన్నని రంధ్రాలు సబ్బును పీల్చుకొని తరువాత కల్లులోకి వదులుతాయి. కొబ్బరిపీచు, పొయ్యిలోని బూడిద, మరిగిన నీరు, ఆపై రోజంతా ఎండ చాలు. బూడిదలో క్షారముంది, పెద్ద సారాయి కర్మాగారాలలో పీపాలను కడిగేదీ క్షారంతోనే. మన ముసలమ్మలు ఈ రసాయనశాస్త్రాన్ని ఎవరి వద్దా నేర్చుకోలేదు!

లోహాల విషయం త్వరగా చెబుతాను. రాగి, కళాయి లేని ఇత్తడి, జింకుపూత బకెట్లు, మూడూ పులుపుకు కరిగి కడుపులో తిప్పుతాయి. స్టీలు క్షేమం.

విదేశాలలోని మన పిల్లలు కొందరు ఇంట్లోనే బీరు తయారుచేసి స్టీలు పీపాలలో నింపుతున్నారు. అమెరికా కేంద్ర ప్రభుత్వం 1978లో చేసిన చట్టంతో అక్కడ ఇంటి బీరుకు దారి ఏర్పడింది. వారు వాడే చిన్న పీపా దాదాపు 19 లీటర్లది. దానికీ సూత్రాలు ఇవే. మూత విప్పేముందు లోపలి వాయువును పూర్తిగా వదలాలి. ఇనుపపీచుతో తోమరాదు, తుప్పు పట్టిస్తుంది. మెత్తని నైలాను బ్రష్షు వాడాలి. బ్లీచింగు ద్రావణం నిలువ ఉంచితే స్టీలుకు గుంటలు పడతాయి. వాసన పట్టిన రబ్బరు రింగులను కడగడం వృథా, మార్చడమే మేలు.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టేది ప్లాస్టిక్ డబ్బా. పత్తి, మిరప వచ్చాక పురుగుమందు డబ్బా లేని ఇల్లు అరుదైంది. గట్టి పిడి, బిగువైన మూత, పైగా ఉచితం. ఒక వానాకాలపు రాత్రి అన్నదమ్ములిద్దరిని మంచాల మీద మోసుకొచ్చారు. కల్లు ఎక్కువైందని వెంట వచ్చినవారు అన్నారు. కాని నోటి వెంట చొంగ, ఒళ్లంతా చెమట, గుండుసూది మొనంతగా కుంచించుకుపోయిన కంటిపాపలు. ఇవి తాగుడు లక్షణాలు కావు, ఆర్గానోఫాస్ఫేట్ విషం లక్షణాలు. తెల్లవార్లూ అట్రోపిన్ ఎక్కిస్తూ కూర్చున్నాము. అన్న బతికాడు. ఎక్కువ తాగిన తమ్ముడు దక్కలేదు. కల్లు తెచ్చిన డబ్బాను అతని వదిన నా ముందు పెట్టి, "మూడుసార్లు సబ్బుతో కడిగిన సారూ, వాసన కూడా లేదు" అన్నది.

ఆమె అబద్ధం చెప్పలేదు. నూనెలాంటి ద్రావకంలో కలిపిన మందు ప్లాస్టిక్ గోడలలోకి ఇంకుతుంది. నీటితో కడిగితే పైపూతే పోతుంది. కల్లులోని సారాయం, పులుపు గంటల తరబడి నానుతూ లోపలిదానిని బయటికి లాగుతాయి. మూత సందులలో, పిడి బోలులో మిగిలిన చుక్కలు వేరు. పుల్లని కల్లువాసనలో మందు వాసన తెలియదు.

మీ ఇంట మందు డబ్బా ఖాళీ అయిన రోజునే మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోయండి. ఆ కడగడం మళ్లీ వాడుకోవడానికి కాదు. తరువాత అడుగున మేకుతో నాలుగైదు చోట్ల పొడిచి, ఇళ్లకూ బావికీ వాగుకూ దూరంగా పాతిపెట్టండి. పొడవకుండా పెరట్లో పడేస్తే, అడగకుండానే ఎవరో ఒకరు కల్లుకు తీసుకుపోతారు.