ప్రింటులో రాని కాలమ్

4 సెప్టెంబర్ 2025, గురువారం

పటాన్‌చెరు దాటాక ఉన్న రెడీమిక్స్ కాంక్రీట్ ప్లాంట్. ఓనర్ పెద్దాయన మా కొటేషన్ సాఫ్ట్‌వేర్ డెమో మొత్తం ఓపిగ్గా చూశారు. ఎం25, 40 క్యూబిక్ మీటర్లు, సైటు 18 కిలోమీటర్లు, బూమ్ పంపు. నాలుగు నొక్కులు, కొటేషన్ పీడీఎఫ్ ఆయన వాట్సాప్‌లో పడింది. నిమిషం కూడా పట్టలేదు.

"బాగుందమ్మా" అన్నారు. అంతలో ఆయన ఫోన్ మోగింది. ఎత్తి, "నాలుగు వేల ఏడొందల యాభై. పంపు వేరే. రేపు తెల్లారి ఆరింటికి" అని పెట్టేశారు.

ఇంక నేనేం మాట్లాడాలి?

"మా అమ్మాయిదీ సాఫ్ట్‌వేరేనమ్మా, డాలస్‌లో" అంటూ రెండో టీ తెప్పించారు. ఆర్డర్ ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

5 సెప్టెంబర్

సిమెంట్ మీద జీఎస్టీ 28 నుంచి 18కి. అమలు 22 నుంచి. మొన్న రాత్రి కౌన్సిల్ ప్రకటించింది, నిన్నటికే బిల్డర్లందరూ ప్లాంట్లకి ఫోన్లు. మీ రేటెంత తగ్గుతోంది?

తగ్గడానికేముంది? కాంక్రీట్ మీద ప్లాంట్ వేసేది అప్పుడూ 18, ఇప్పుడూ 18. సిమెంట్ మీద కట్టిన 28 ఇన్‌పుట్ కింద సర్దుకునేదే. ఇకనుంచి కట్టేదీ తక్కువ, సర్దుకునేదీ తక్కువ. బల్కర్‌లో వచ్చే లూజ్ సిమెంట్ అసలు ధర కంపెనీ తగ్గిస్తే తప్ప క్యూబిక్ మీద రూపాయి కదలదు. సొంతిల్లు కట్టుకునేవాడికి బస్తా మీద మిగులుతుంది, ఆ మాట నిజం. ప్లాంట్ సంగతి వేరు.

ఇదంతా ప్రతి ఫోన్‌కీ విడమర్చి చెప్పాలి పాపం ఆ పెద్దాయన. చెప్పినా నమ్మేదెవరు?

రాత్రి కూర్చుని కొటేషన్ నమూనా మార్చాను. పన్నుకి ముందు రేటు పెద్దక్షరాల్లో, పన్ను కింద విడిగా.

9 సెప్టెంబర్

లక్డారం. క్రషర్ల దుమ్ముకి కారు రంగు మారిపోయింది. ఇక్కడ పేచీ వేరే. మా లిస్టులో కొలతలు టన్ను, క్యూబిక్ మీటర్. ఇక్కడి క్రషర్ ఓనర్ 20 ఎంఎం కంకర టన్నుల్లో చెప్తారు, డస్ట్ ట్రిప్పుల్లో, పాత ఖాతాదారులకైతే యూనిట్లలో. యూనిట్ డస్ట్ బరువెంత సార్ అని అడిగా.

"ఎండలోనా, వానలోనా?"

లిస్టులో ట్రిప్పు కలపమని ఆఫీసుకి మెయిల్ పెట్టాను. సాయంత్రానికి జవాబు. ట్రిప్పు కొలత కాదట. మరి కాటా దాటి రోజూ ఇన్ని టిప్పర్లు దేని లెక్కన పోతున్నాయో.

16 సెప్టెంబర్

మళ్ళీ పటాన్‌చెరు. వాళ్ళు ఇప్పుడు వాడుతున్న ఎక్సెల్ కొటేషన్ చూశాను. పైన కొత్త కస్టమర్ పేరు. కింద షరతుల్లో పాతాయన పేరు అలాగే ఉంది. ఈ రేటు 7 రోజులే చెల్లుతుందట, తేదీ చూస్తే జూన్‌ది.

"అంత కిందిదాకా ఎవరూ చదవరు మేడం" అన్నాడు మార్కెటింగ్ కుర్రాడు.

అలాంటి కుర్రాళ్ళు నలుగురు. ఒకే గ్రేడు, ఒకే కాలనీ, నాలుగు రేట్లు. ఎవరి ఫోన్లో వాళ్ళ రేటు.

వెళ్ళేటప్పుడు గేటుదాకా వచ్చాడు. "మేడం, దీంట్లో ఎవరు ఎంతకి ఇచ్చామో సార్‌కి కనబడుతుందా?"

కనబడుతుందన్నాను. నేను అమ్మేదే అది. వాడు చెప్పుతో కంకర రాయొకటి పక్కకి తోసి, సరే మేడం అని లోపలికి పోయాడు.

జీతమెంతుంటుంది వాడికి? పెట్రోలు వీళ్ళిస్తారా?

19 సెప్టెంబర్

పెద్దాయన ఇవాళ తలుపు వేయించి అడిగారు. "మేస్త్రీకిచ్చేది ఎక్కడ వెయ్యాలమ్మా?"

క్యూబిక్‌కి 50. 'ఇతర ఖర్చులు' గడిలో వేసి చూపించాను. పీడీఎఫ్‌లో చక్కగా వచ్చేసింది, ఇతర ఖర్చులు 50 అని. ఆయన పగలబడి నవ్వారు. "ఇది ఇంటాయన చేతికి వెళ్ళిందనుకో, మేస్త్రీ వచ్చి నన్ను తంతాడు."

మార్జిన్‌లో పడాలి, ప్రింటులో రాకూడదు. అలాంటి కాలమ్ కావాలి. మా డెవలపర్‌కి చెప్తే "అంటే లంచమా?" అన్నాడు.

ఏమో. మేస్త్రీ తన వాటా అంటాడు. పెద్దాయన మామూలు అంటారు. కుర్రాళ్ళు మార్కెటింగ్ ఖర్చు అంటారు. ఆడిటర్ ఏమంటాడో నేనడగలేదు. కాలమ్ లేనంత మాత్రాన ఆ 50 ఇవ్వడం మానరు. లెక్కలోంచి మాత్రం పోతుంది.

అయినా పొద్దుట్నుంచీ అదే మాట మనసులో. నేను చేయించేది సాఫ్ట్‌వేరా, దొంగ అరా?

22 సెప్టెంబర్, సోమవారం

కొత్త పన్ను మొదలైంది. ప్లాంట్‌కి వెళ్ళలేదు, ఫోన్ చేస్తే ఎత్తే తీరికా లేదు వాళ్ళకి. మధ్యాహ్నం పెద్దాయన దగ్గర్నుంచి ఒక్క మెసేజ్. "50 తగ్గించాను. ఏం చెయ్యను, అందరూ అడుగుతున్నారు."

ఖర్చు తగ్గలేదు. రేటు తగ్గింది.

26 సెప్టెంబర్

క్వార్టర్ ముగింపు. మా మేనేజర్ పొద్దున్నే: "30లోపల ఎలాగైనా క్లోజ్ చెయ్. 40 శాతం దాకా ఇచ్చెయ్."

నా మూడో స్లైడ్ పేరు 'డిస్కౌంట్ మీద అదుపు'.

పెద్దాయన ఇవాళే అడగాలా? "మీ రేటు అందరికీ ఒకటేనామ్మా?"

ఎదురుగా ఉన్న గ్లాసు తీసుకుని నీళ్ళు తాగాను. ఆయన మళ్ళీ అడగలేదు. అడిగుంటే బావుండేది.

1 అక్టోబర్

ఆయుధ పూజ. ట్రాన్సిట్ మిక్సర్లకి బంతిపూల దండలు, టైర్ల కింద నిమ్మకాయలు. బ్యాచింగ్ కంప్యూటర్‌కి కూడా పసుపు, కుంకుమ. పెద్దాయన నా లాప్‌టాప్ అడిగి తీసుకుని దానికీ బొట్టు పెట్టారు. "ఇదీ ఆయుధమే కదమ్మా." ఆర్డర్ ఇచ్చినట్టా? ఇవ్వనట్టా?

కీబోర్డులో కుంకుమ ఇంకా పోలేదు.

7 అక్టోబర్

ఇవాళ డెమో లేదు. పెద్దాయన కొడుకు అడిగాడని ఒకే ఒక్క ఖాతా తవ్వాం. నార్సింగి వైపు అపార్ట్‌మెంట్లు కట్టే ఆయన. ప్లాంట్‌లో అందరికన్నా పెద్ద కస్టమర్, ఆయనొస్తే ఏసీ గదిలో కూర్చోబెడతారు. మూడు నెలల బిల్లులు, డెలివరీ చలాన్లు, డీజిల్ పుస్తకం టేబుల్ నిండా పరిచాం.

రేటు 4,750. మిక్స్ ఖర్చు పెద్దాయన నోటిమీదే ఉంది. సిమెంట్ ఇంత, ఫ్లై యాష్ ఇంత, రోబో శాండ్, 20, 12 ఎంఎం కంకర, అడ్మిక్చర్. అక్కడిదాకా మిగులు బాగానే ఉంది.

తర్వాత చలాన్లు తిరగేశాం. వెనకవైపు సెక్యూరిటీ అతను పెన్నుతో రాసుకున్న టైములు. బండి సైటుకి చేరింది 10:20, ఖాళీ అయింది 12:35. షట్టరింగ్ అవలేదట. ఇంకో బండి గంటన్నర. లోడైన రెండు గంటల్లో దించెయ్యాలని కోడ్ చెప్తుంది, అందుకని ఈ సైటుకి త్వరగా గట్టిపడకుండా రిటార్డర్ ఎక్కువేసి పంపుతున్నారు. ఆ డబ్బు ఏ కొటేషన్‌లోనూ లేదు. 40 క్యూబిక్ దాటితేనే పంపు ఉచితం అని రాసిచ్చారు. 12 క్యూబిక్‌కీ పంపు వెళ్ళింది, బిల్లులో పంపు దగ్గర సున్నా. మేస్త్రీకి 50. ఇక బాకీ. ఒప్పుకున్నది 60 రోజులు, డబ్బులొచ్చింది 110కి. ఓడీ వడ్డీ 12 శాతం వేస్తే, పన్ను కలపకుండానే, క్యూబిక్‌కి 172 రూపాయలు.

కింద తేలింది మైనస్. ఎక్కువేం కాదు. కానీ మైనసే.

కొడుకు తండ్రి వంక చూశాడు. నేను స్క్రీన్ వంక చూశాను.

"తెలుసురా" అన్నారు పెద్దాయన. "ఆయన పని లేకపోతే బండ్లు నిలబడతాయి. బండ్ల ఈఎంఐ ఆగదు. ఆయన సైటు చూసే కదా పక్కవాళ్ళు నలుగురు వచ్చింది."

ఈ లెక్క మా సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఆయన మాట తప్పని కూడా అనలేను.

కాసేపుండి కళ్ళజోడు తీసి, "నూట పదా? తొంభై అనుకున్నానే" అన్నారు.

మిగతాదంతా ఆయన తలలో ఉంది. ఆ ఇరవై రోజులు లేవు.

8 అక్టోబర్

ప్రెజెంటేషన్‌లోంచి మొదటి స్లైడ్లు తీసేశాను. 'నిమిషంలో కొటేషన్' కూడా పోయింది. మేనేజర్‌కి చెప్పలేదు.

15 అక్టోబర్

ట్రిప్పు వచ్చింది లిస్టులోకి. లక్డారం ఆయనకి ఫోన్ చేసి చెప్తే, "అది మొదటే ఉండాలి కదమ్మా" అన్నారు. నిజమే కదా.

ప్రింటులో రాని కాలమ్ కూడా వచ్చింది. దానికి పేరు పెట్టడానికి మా డెవలపర్‌కి మనసొప్పలేదు. పేరు లేని బూడిదరంగు గడి. ఎవరెవరికి కనబడాలో ఓనర్ ఫోన్ నుంచే తేలుతుంది.

29 అక్టోబర్

మొంథా తుఫాను రాత్రి తీరం దాటింది. ఇక్కడ పొద్దుట్నుంచీ వదలని వాన. స్లాబులన్నీ వాయిదా. క్వాలిటీ ల్యాబులో చేసిన రోజులు గుర్తొచ్చాయి. ఇలాంటి రోజు ఇసుకలో తేమ చూడకుండా బ్యాచ్ వేస్తే స్లంప్ చేతికి దొరకదు. 28 రోజుల తర్వాత క్యూబ్ పగిలినప్పుడు తిట్లు మాత్రం ల్యాబుకి.

మధ్యాహ్నం పెద్దాయన ఫోన్. "అమ్మా, ఖాళీగా ఉన్నాను. ఆ బాకీ రోజుల లిస్టు ఎట్లా తియ్యాలి?"

తనంతట తను చేశారు. నార్సింగి ఆయనకి 126 అయిందట ఇప్పుడు. రేటు మాట ఎత్తలేదు. డబ్బొచ్చేదాకా బండి వెయ్యనని మాత్రం చెప్పారట. చెప్పి భయపడుతున్నారు.

4 నవంబర్

పరిటాల, దొనబండ. అమరావతి పనులు మళ్ళీ మొదలయ్యాక ఇక్కడ క్రషర్లకి ఊపిరి సలపడం లేదు. ఒకాయన గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపించేశారు. "రేటు సంగతి వదిలెయ్యమ్మా. బండి ఎప్పుడు దొరుకుతుందో చెప్పే సాఫ్ట్‌వేర్ ఉంటే చెప్పు."

లేదు.

10 నవంబర్

పటాన్‌చెరు ప్లాంట్‌లో గేటుదాకా వచ్చిన ఆ మార్కెటింగ్ కుర్రాడు మానేశాడు. ఎదురుగా ఉన్న ప్లాంట్‌లో చేరాడు. వాడితోపాటు ఫోనూ వెళ్ళింది, ఫోన్లో ఖాతాదారులూ వెళ్ళారు. ఇద్దరు అప్పుడే అటు మారారట.

పెద్దాయన గొంతులో కోపం లేదు, నీరసం ఉంది. "నీ దాంట్లో ముందే ఉండుంటే వాడు పట్టుకుపోయేవాడు కాదు కదమ్మా."

పట్టుకుపోయేవాడే. రేటు గుర్తుంచుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఎందుకు వాడికి? ఆ మాట అనలేదు. వాడు పోవడానికి ఆ బూడిదరంగు గడి కూడా ఒక కారణమేమో. అదీ అనలేదు.

14 నవంబర్, శుక్రవారం

చెక్కు ఇచ్చారు. ఒక ప్లాంట్, ఒక ఏడాది. డిస్కౌంట్ ఎంతన్నది ఆయన ఫోన్లో తప్ప ఇంకెక్కడా మారకూడదని షరతు. రాసిచ్చాను. కొడుకు రెండో ప్లాంట్‌కి కూడా అన్నాడు. పెద్దాయన, "ముందు ఇది నడవనీ" అన్నారు.

మేనేజర్ 40 శాతం ఇమ్మన్నాడు కదా. 10 ఇచ్చాను. ఆయన 10 అడిగారు, అంతే.

సాయంత్రం కొత్త నంబర్ నుంచి ఫోన్. ఆ కుర్రాడే. ఇప్పుడు మేడం కాదు, అక్కా. "అక్కా, మా సార్‌కి చెప్పాను. సోమవారం 11కి వస్తారా? ఆ ప్రింట్‌లో రాని కాలమ్ చూపించాలి. రేటెంతో ముందే చెప్తే..."

పెద్దాయనకి ఇచ్చిన రేటే చెప్పాను. పైసా తగ్గదని కూడా.