లాగులు ఎన్నాళ్లు ఉంచాలి

జూన్ 3
డేటాబేస్ సర్వర్‌లో డిస్క్ నిండుతోందని అలారం. నెమ్మదిగా నడిచే క్వెరీలు నమోదయ్యే పెద్ద స్లో లాగ్‌ను ఎవరో డిలీట్ చేశారు, అయినా ‘డీఎఫ్’ చూపే అంకె కదల్లేదు. ‘డీయూ’ లెక్క మాత్రం తగ్గింది. డైరెక్టరీలో పేరు పోయినా, మైఎస్‌క్యూఎల్ ఆ ఫైల్‌ను తెరిచే ఉంచింది. ‘ఫ్లష్ లాగ్స్’ ఇచ్చాక దాన్ని మూసి కొత్తది తెరిచింది. అప్పుడు గానీ జాగా ఖాళీ కాలేదు.

జూన్ 5
పోస్ట్‌గ్రెస్‌లో లాగింగ్ కలెక్టర్ ఆన్ చేస్తే, డిఫాల్ట్‌గా రోజుకోసారి గానీ 10 ఎంబీ దాటినప్పుడు గానీ కొత్త ఫైల్ మొదలవుతుంది. పాతవాటిని అది తీసెయ్యదు. ఫైల్ పేరులో వారం పేరు పెట్టి ట్రంకేట్ ఆన్ చేస్తే, వచ్చే సోమవారం రాగానే ఈ సోమవారం లాగ్‌ను చెరిపి రాస్తుంది. అయితే టైమ్ ప్రకారం తిప్పినప్పుడే చెరుపుతుంది. సైజు వల్ల తిప్పితే అదే ఫైల్ చివర రాసుకుంటూ పోతుంది. అందుకే సైజు పరిమితిని సున్నా చేశాను.

జూన్ 9
కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు మళ్లీ చదివాను. లాగులు 180 రోజులు దాచాలి, అదీ మన దేశ పరిధిలో. వారం చక్రం చాలదు. రోజూ రాత్రి నిన్నటి ఫైల్‌ను కంప్రెస్ చేసి వేరే స్టోరేజ్‌కి పంపాలి. చెక్‌సమ్ కలిశాకే ఇక్కడిది చెరగాలి.

జూన్ 12
“లాగ్‌రొటేట్‌లో కాపీట్రంకేట్ ఎందుకొద్దన్నావన్నా?” అని టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు. కాపీ పూర్తయ్యాక, ఫైల్ ఖాళీ చేసేలోపు పడిన లైన్లు పోతాయి. స్లో లాగ్‌లో ఒక ఎంట్రీ చూపించాను: పంపిన వరుస ఒకటి, వెతికినవి 41 లక్షలు. ఇండెక్స్ లేదని ఆ ఒక్క లైనే పట్టిచ్చింది. అలాంటిది ఒక్కటి పోయినా నష్టమే.

జూన్ 13
“బిన్‌లాగ్‌లను కూడా లాగ్‌రొటేట్‌కే ఇచ్చేద్దామా?” అన్నాడు ఆ కుర్రాడే. వద్దన్నాను. రెప్లికా చదివేది అదే, బ్యాకప్ తర్వాతి మార్పులను తిరిగి తెచ్చేదీ అదే. మైఎస్‌క్యూఎల్ 8లో డిఫాల్ట్ గడువు 30 రోజులు. ముందే తీయాలంటే రెప్లికా ఎంతవరకు చదివిందో చూసి ‘పర్జ్’ చెప్పాలి. చేత్తో ఆర్‌ఎమ్ కొట్టకూడదు.

జూన్ 17
లాగుల్లోని క్వెరీల్లో కస్టమర్ల ఫోన్ నంబర్లు కనిపిస్తున్నాయి. పోస్ట్‌గ్రెస్ లాగ్ ఫైళ్లకు డిఫాల్ట్ పర్మిషన్ 0600, ఓనర్ తప్ప ఎవరూ చదవలేరు. ఆర్కైవ్‌లోనూ అంతే కట్టుదిట్టం ఉండాలి. 180 రోజులు నిండినవి అక్కడ కూడా చెరిగిపోవాలి. ఏ లాగ్ ఎన్నాళ్లు, ఎందుకు ఉంచుతున్నామో కాన్ఫిగ్‌లో ఒక్కో లైన్ పక్కనే కామెంట్‌గా రాశాను. రేపు డిస్క్ నిండి ఎవరైనా కంగారులో డిలీట్ చెయ్యబోతే, ముందు అది చదవాలి.