వారానికి ఒక్క గంట

మాది సూళ్లూరుపేట అంటే చాలు, క్లాసులో అందరూ "ఓ, రాకెట్లా!" అంటారు. నిజమే, రాకెట్ లేస్తే కిటికీలు అదిరేది మాకే. ఈసారి మాత్రం మా పిన్ని గురించి రాస్తున్నా.

పిన్ని ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఆపైన బీఈడీ. ఊళ్లో ఒక ప్రైవేట్ స్కూల్లో రోజుకు 2 పీరియడ్లు చెప్తుంది. పీరియడ్‌కి 40 నిమిషాలు, వారానికి 6 రోజులు, మొత్తం 8 గంటలు. జీతం పీరియడ్ లెక్కన. దసరాకీ, వేసవికీ సున్నా. ఇంటికి తెచ్చుకుని దిద్దే పేపర్లు ఏ లెక్కలోకీ రావు. సాయంత్రం వరండాలో ట్యూషన్. అక్కడ కెమిస్ట్రీ కాదు, మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు.

"ఫుల్‌టైమ్ అడగరాదా పిన్నీ?" అన్నా.

"అడిగినా. ఆడవాళ్లకి ఇదే సౌకర్యం గదమ్మా అన్నారు."

నాకైతే ఆ సౌకర్యం స్కూలు వాళ్లకే ఎక్కువ కనిపిస్తోంది.

దేశంలో ఎంతమందికి పని ఉందో తేల్చే పీఎల్ఎఫ్ఎస్ అనే సర్వే 2017లో మొదలైంది. దాని వారం లెక్కలో, గడిచిన 7 రోజుల్లో ఏదో ఒక రోజు ఒక్క గంట పని చేసినా పని ఉన్నట్టే. అంటే పిన్ని సోమవారమే పాస్! (మన మిడ్స్‌కి ఇలాంటి కటాఫ్ పెడితే ఎంత బాగుండు.)

అంతర్జాతీయ కార్మిక సంస్థ కొంచెం నయం. ఇంకా ఎక్కువ గంటలు చేయాలని ఉండి, చేసే వీలుండి, పని చాలనివాళ్లని వేరేగా లెక్కించమంటుంది. కానీ ఎమ్మెస్సీ చదివి ఎక్కాలు చెప్పడం ఆ గంటల కొలతకి అందదు. నా పేచీ మాత్రం ఆ "వీలు" అనే మాటతో. పొద్దున మా ఊరి నుంచి శ్రీసిటీకి కంపెనీ బస్సులు పోతాయి, చెన్నైకి రైలు పోతుంది. ఏది ఎక్కినా తిరిగొచ్చేసరికి రాత్రే. పిన్ని వాళ్ల అత్తకి మధ్యాహ్నం ఇన్సులిన్ వేయాలి. ఎవరైనా వచ్చి "రోజంతా పనికి వీలవుతుందా" అంటే పిన్ని "కాదు" అనే చెప్తుంది. దాంతో పని చాలనివాళ్ల లెక్కలోంచి కూడా ఆమె పోయినట్టే. బాబాయిని ఆ ఇన్సులిన్ సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

2025 మెగా డీఎస్సీ రాసింది. 16,347 పోస్టులు. రాలేదు. పుస్తకాలు ఇంకా ఫ్రిజ్ పైనే ఉన్నాయి, పిల్లలు ఎక్కాలు రాస్తున్నంతసేపూ ఒకటి తీసి చదువుకుంటోంది.