సెయింట్ థామస్ ద్వీపము చెప్పే సాక్ష్యము



మిషనరీ కూటములలో మనము తరచు వినే సంగతి ఒకటున్నది. దాసులకు సువార్త ప్రకటించుటకు ఇద్దరు మొరేవియన్ సహోదరులు తమ్మును తామే దాసులుగా అమ్ముకొని ఓడ ఎక్కారని చెబుతారు. ఆ ద్వీపము పేరు సెయింట్ థామస్. వినడానికి గుండె కరుగుతుంది గాని జరిగినది అది కాదు. జరిగినదానిలోనే మనకు ఎక్కువ పాఠమున్నది.

కరీబియన్ సముద్రములో, ప్యూర్టోరికోకు తూర్పున సుమారు 80 చదరపు కిలోమీటర్ల చిన్న ద్వీపమిది. అంతా కొండలే. ఏడాది పొడుగునా పారే నది లేదు. నేటికీ అనేక ఇండ్లలో కప్పు మీద పడిన వాననీటిని తొట్టిలోనికి మళ్లించి వాడుకొంటారు. దక్షిణ తీరమున మంచి ఓడరేవున్నది. 1672లో డేన్మార్కు వారు అక్కడ స్థిరపడి కోట కట్టారు. ఆఫ్రికా నుండి మనుష్యులను కొని తెచ్చి చెరకు తోటలలో గొడ్డుచాకిరీ చేయించారు. 1706లో జీగెన్‌బాల్గ్ గారిని మన దేశములోని తరంగంబాడికి పంపినది కూడా డేన్మార్కు రాజే.

1731లో ఆంటన్ అనే ఆ ద్వీపపు దాసుడు కోపెన్‌హాగెన్‌లో జిన్జెండార్ఫ్ అనే భక్తిగల జమీందారును కలిశాడు. తన తోబుట్టువులు దేవుని ఎరుగ గోరుచున్నారనీ, పగలంతా తోటలో ఉండేవారికి బోధించవలెనంటే తామూ దాసులు కావలసి వస్తుందనీ చెప్పాడు. హెర్న్‌హట్ గ్రామమునకు చెందిన కుమ్మరి లియోనార్డ్ డోబర్ గారు అందుకు సిద్ధపడ్డారు. వడ్రంగి డేవిడ్ నిట్ష్‌మన్ గారు తోడుగా వెళ్లారు. 1732 డిసెంబరులో ద్వీపములో దిగారు. ఎవరూ ఎవరికీ అమ్ముడుపోలేదు. వడ్రంగి పనితో వచ్చిన డబ్బుతో ఇద్దరూ తిన్నారు. నిట్ష్‌మన్ గారు కొన్ని నెలలకే, డోబర్ గారు 1734లో తిరిగి వెళ్లారు.

పంట తరువాత వచ్చింది. ఫ్రెడరిక్ మార్టిన్ గారి పరిచర్యలో అనేకులు రక్షింపబడ్డారు. దాస్యము నుండి విడుదల పొందిన రెబెక్కా అనే యువతి కొండదారుల వెంట తోట తోటకు నడిచి స్త్రీలకు బోధించింది. తోటల యజమానులు ఓర్వలేకపోయారు. ఆమెనూ ఆమె భర్తనూ చెరసాలలో వేయించారు. 1739లో జిన్జెండార్ఫ్ గారు వచ్చినప్పుడు వారికి విడుదల కలిగింది.

అయితే మరొక మాట కూడా చెప్పాలి. 1730ల చివర ఆ మిషను తానే ఒక తోట కొన్నది. తోటతోపాటు అందులోని దాసులనూ కొన్నది. జిన్జెండార్ఫ్ గారు దాసులకు వీడ్కోలు చెబుతూ యజమానులకు లోబడియుండుడని బోధించారు. ప్రార్థనలో సహోదరులు, పొలములో ఆస్తి! విడుదల 1848 జూలై 3న వచ్చింది. పొరుగు ద్వీపమైన సెయింట్ క్రోయ్‌లో దాసులు తిరుగబడగా గవర్నరు వారందరినీ స్వతంత్రులుగా ప్రకటించాడు. 1917లో డేన్మార్కు ఈ ద్వీపములను 2 కోట్ల 50 లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మివేసింది.

పౌలు ఫిలేమోనుకు పత్రిక వ్రాసినప్పుడు ఒనేసిమును దాసునిగా కాక సహోదరునిగా చేర్చుకొమ్మని అడిగాడు. సెయింట్ థామస్‌లో ఆ మాట తెలిసినవారే దానిని సగము దూరమే నడిచారు. వారికి తీర్పు తీర్చుట సులభము. ఆదివారము మనతో ఒకే బల్ల యొద్ద రొట్టె తీసుకొన్న కూలివానిని సోమవారము పొలము గట్టు మీద మనము ఏమని పిలుస్తున్నాము? అతని కూలి ప్రొద్దుగుంకకముందే ఇస్తున్నామా? మన ఇంటికి వస్తే ఏ గ్లాసులో నీళ్లిస్తున్నాము? అమ్ముకొన్న మిషనరీల కథ విని కన్నీరు కార్చుట కంటె ఈ ప్రశ్నలకు జవాబిచ్చుట కష్టము. ప్రభువు మన సంఘములకు ఆ కృపను దయచేయును గాక. ఆమెన్.