మచ్చు బంగారం

రంగుల ముద్ర, హోలోగ్రామ్, కింద ఓ పొడుగాటి నంబరు ఉన్న కాగితం చేతికొస్తే మనలో చాలామందిమి ఇక అందులో ఏం రాసుందో చూడం. నేనూ చూడలేదు. నా ఉద్యోగమేమో అలాంటి కాగితాలు చూడడమే.

కొన్నేళ్ల కిందట ముంబై జవేరీ బజార్ దగ్గర బంగారం పరీక్షించే చిన్న సెంటర్లో పనిచేసేవాణ్ణి. ఉండేది కామాటిపురలో, తెలంగాణ నుంచి మట్టిపనికి వచ్చిన తాతల నాటి చాల్‌లో. గొలుసు గిర్వి పెట్టాలన్నా, కరిగించి బిడ్డ పెళ్లికి కొత్తది చేయించాలన్నా గల్లీలోవాళ్లు ముందు నా దగ్గరికే వచ్చేవాళ్లు. "మన పోరడు ల్యాబుల ఉన్నడు" అనేవాళ్లు. ఆ మాటకు నేను ఉబ్బిపోయేవాణ్ణి.

మా పని ఇలా ఉంటుంది. పావు గ్రాము బంగారం తూచి, వెండి కలిపి, సీసం రేకులో చుట్టి కొలిమిలో పెడతాం. సీసం రాగిని వెంటబెట్టుకుని మూసలోకి ఇంకిపోతుంది. మిగిలిన పూసను రేకులా సాగదీసి నైట్రిక్ యాసిడ్‌లో కాస్తే వెండి కరిగిపోతుంది. నిలిచిందే బంగారం. ఈ దారిలో రవ్వంత బంగారం పోతుంది, రవ్వంత వెండి ఉండిపోతుంది. ఆ తేడా పట్టుకోవడానికి స్వచ్ఛమైన మచ్చు బంగారాన్ని పక్కనే అదే కొలిమిలో పెడతాం. చెక్ గోల్డ్ అంటాం. దానికి ఎంత తగ్గితే మిగతావాటికి అంత కలుపుతాం.

ఆ చెక్ గోల్డ్ కొన్నది నేనే. చవగ్గా దొరికింది. 999.9 అని ముద్ర, కాగితం మీద ఐఎస్‌ఓ 9001 గుర్తు, ల్యాబులకు గుర్తింపునిచ్చే సంస్థ ఒక ల్యాబుకిచ్చిన ఎన్‌ఏబీఎల్ నంబరు. ఇంకేం కావాలి అనుకున్నాను. డబ్బు మిగిల్చినందుకు యజమాని మెచ్చుకున్నాడు కూడా.

ఆ తర్వాత ఒకే నమూనాను పలు ల్యాబులకు పంపి ఫలితాలు పోల్చే పరీక్షలో మా అంకెలన్నీ ఎక్కువొచ్చాయి. త్రాసును అనుమానించాను, కొలిమిని అనుమానించాను, యాసిడ్ సీసా మార్చాను. రేకులు సాగదీసే కుర్రాణ్ణి నలుగురిలో తిట్టాను. పాపం, వాడి పనిలో ఏ లోపమూ లేదు.

చివరికి అంకెలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాను. చేతి తప్పయితే ఒకటి పైకి, ఒకటి కిందికి పోవాలి. ఇవన్నీ పైకే పోయాయి, అదీ దాదాపు ఒకే మోతాదులో. చెవులు వేడెక్కాయి. అన్నిటికీ కలుపుతున్నది ఒక్కటే కదా! బీరువాలోంచి ఆ సర్టిఫికెట్ తీసి మొదటిసారి చదివాను. ఎన్‌ఏబీఎల్ నంబరు ఐఎస్‌ఓ 17025 కింద పరీక్ష చేసిన ల్యాబుది. మచ్చు తయారుచేసినవాడిది కాదు. 999.9 పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంతో లేదు. ముక్కలన్నీ ఒకేలా ఉన్నాయని ఎవరూ చూసినట్టు లేదు.

మచ్చు తయారీదారులకైతే విడిగా ఐఎస్‌ఓ 17034 అనే ప్రమాణం ఉంది, 2016లో వచ్చింది. మన దేశంలో ఆ గుర్తింపూ ఎన్‌ఏబీఎల్లే ఇస్తుంది. అది రావాలంటే ముక్కకీ ముక్కకీ తేడా ఎంతో, ఎన్నాళ్లు నిలకడగా ఉంటుందో, విలువ ఎలా కట్టారో, అందులో అనిశ్చితి ఎంతో చూపించాలి. ఇంతా చేసి, అసలైన మచ్చు మా బజారుకు దగ్గర్లోని ఫోర్టులోనే తయారైంది. ముంబై టంకశాల, అణు పరిశోధన కేంద్రం బార్క్, హైదరాబాద్‌లోని దాని పదార్థ విశ్లేషణ కేంద్రం ఎన్‌సీసీసీఎం, ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాల ఎన్‌పీఎల్ కలిసి బీఎన్‌డీ 4201 అనే 9999 బంగారాన్ని తెచ్చాయి. చవకబేరం కళ్లు కప్పినవాడికి గల్లీ చివరున్నదైనా కనబడదు.

ధ్రువీకరించిన మచ్చు తెప్పించి పక్కపక్కన పెడితే మాది 998 దగ్గర తేలింది. అంటే వెయ్యికి రెండు పాళ్లు ప్రతివాళ్లకూ ఊరికే కలిపాను. 914 గొలుసు నా చేతిలో 916 అయిపోయింది. 22 క్యారెట్లకు 916 కంటే ఒక్క పాలు తగ్గినా ఒప్పుకోరు.

మా గల్లీ పెద్దమ్మ ఒకామె నా 916 కాగితం పట్టుకుని గిర్వి సేటుతో కొట్లాడి వచ్చింది. ఎక్కించి పంపింది నేనే. వెళ్లి నిజం చెప్పాను. బీడీ ఆకు కత్తిరిస్తూ తలెత్తకుండానే అంది: "గా సేటు నీ కాయిదం దిక్కు సూడనే లేదు బిడ్డా. రాయి మీద గీకి పైసలిచ్చిండు. గని నీకిచ్చిన ఫీజు వాపసియ్యి."

ఇచ్చేశాను.