అమ్మాయితో బ్యాలేకి వెళ్ళాను

అమెరికా నుంచి వచ్చి నెల దాటింది. నయాగరా చూశావా, లిబర్టీ బొమ్మ ఎక్కావా అని అడిగినవాళ్ళందరికీ ఫోన్లో ఫోటోలు చూపించాను. ఒక్క ఫోటో కూడా తియ్యని సాయంత్రం ఒకటుంది. దాని గురించి మీకు చెప్పాలని వచ్చినప్పట్నుంచీ అనుకుంటున్నాను.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఎమ్మెస్ పూర్తిచేసింది. పట్టా ఇచ్చే రోజుకి రమ్మంటే, మావారికి సెలవు దొరక్క నేనొక్కదాన్నే వెళ్ళాను. ఓ శనివారం పొద్దున్నే, "అమ్మా, ఇవాళ సాయంత్రం బ్యాలేకి వెళ్దాం" అంది. బ్యాలే అంటే నాకు తెలిసింది తెల్లటి గౌన్లు, మునివేళ్ళ మీద నడక, ఇంత పెద్ద స్టేజీ. అందుకని తీసుకెళ్ళిన వాటిల్లో మంచి పట్టుచీర తీసి కట్టుకున్నాను. అది చూసి నవ్వి ఊరుకుంది.

రైల్లో న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి చేరి, అక్కణ్ణుంచి ఇరవై వీధులు నడిచాం. సిటీ సెంటర్ అని పాత పెద్ద భవనం. అందులో పెద్ద థియేటరుంది గానీ మేం వెళ్ళింది పై అంతస్తులో రిహార్సల్ చేసుకునే గదికి. స్టేజీ లేదు, తెర లేదు. చుట్టూ కుర్చీలు, మధ్యలో ఖాళీ నేల, ఓ పక్కన పియానో. నా కుర్చీకీ డాన్సర్లు ఆడే చోటుకీ మధ్య మూడడుగులుంటాయేమో. చీర కుచ్చిళ్ళు దగ్గరికి తీసుకుని, కాళ్ళు వెనక్కి ముడుచుకుని కూర్చున్నాను.

ఆ బృందం పేరు న్యూ ఛాంబర్ బ్యాలే. 2004లో మీరో మగ్లువార్ అనే జర్మనీ ఆయన మొదలుపెట్టాడట. ముందు సంగీతం రాయడం నేర్చుకుని, ఆ తర్వాత నాట్యంలోకి వచ్చిన మనిషి. పెద్ద ఆర్కెస్ట్రా కాకుండా గదిలో ఇద్దరు ముగ్గురు కూర్చుని వాయించేది ఛాంబర్ సంగీతం. ఇదీ అలాంటిదే, గదిలో ఇమిడే బ్యాలే. రికార్డు వేసి ఆడటం వీళ్ళ పద్ధతి కాదు. పక్కనే మనిషి వాయించాలి. ఎక్కువగా పియానో, వయొలిన్. అవైనా ఎప్పటివో పాత బాణీలే కాదు, ఇప్పుడు బతికున్నవాళ్ళు రాసినవి కూడా.

నిజం చెప్పొద్దూ, మొదటి పది నిమిషాలు నాకేమీ అర్థం కాలేదు. కూనిరాగం తీద్దామన్నా రాగం దొరకదు. వయొలిన్ ఓసారి పాత తలుపులా కిర్రుమంటుంది, ఓసారి సన్నటి ఈలలా సాగుతుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో కూడా వాళ్ళు ఆడుతూనే ఉన్నారు. మునివేళ్ళ బూట్లు నేలకి టక్కుమని తగలడం, వాళ్ళ ఊపిరి, అన్నీ వినబడుతున్నాయి. అందరూ ఆడపిల్లలే. ఎత్తి పట్టుకోవడానికి మగవాళ్ళు లేరు. ఒకమ్మాయి ఇంకో అమ్మాయిని వీపు మీద మోస్తోంది, దించుతోంది, మళ్ళీ పట్టుకుంటోంది. దూరం నుంచి చూస్తే తేలిగ్గా అనిపించేదేమో. మూడడుగుల్లోంచి చూస్తే బరువు తెలుస్తోంది.

ఓ చోట ఒకమ్మాయి ఒంటికాలి మునివేళ్ళ మీద నిలబడి పక్కకి వాలింది. కాలి మడమ వణుకుతోంది. వయొలిన్ ఆమె వాయిస్తున్న స్వరాన్ని అలాగే సాగదీస్తూ ఆ పిల్లనే చూస్తోంది. పిల్ల కుదురుకుంది. అప్పుడు కమాను కదిలింది. మా అమ్మాయి నా చెయ్యి నొక్కి, "చూశావా అమ్మా, ఆగింది" అంది, గొంతు తగ్గించి.

నాకు చటుక్కున మా విజయవాడ గుర్తొచ్చింది.

మా అమ్మాయి ఆరేళ్ళప్పట్నుంచి కూచిపూడి నేర్చుకుంది. ఓసారి గుడి ఉత్సవాల్లో పెన్‌డ్రైవ్‌లో పాట పెట్టి ఆడుతుంటే మధ్యలో ఆగిపోయింది. తర్వాత ఎక్కడో ముందుకెళ్ళి మొదలైంది. పిల్ల ఎక్కడ కలుపుకోవాలో తెలియక బిక్కమొహం వేసుకుని నిలబడింది. మరోసారి వాళ్ళ మాస్టారి క్లాసు వార్షికోత్సవానికి నట్టువాంగం, మృదంగం, వయొలిన్ అన్నీ పెట్టారు. తరంగంలో పళ్ళెం అంచుల మీద నిలబడ్డాక దీని కాలు తడబడింది. మాస్టారు తాళాలు ఆపకుండా, అదే జతిని ఇంకోసారి, ఇంకోసారి చెప్పారు. పిల్ల సర్దుకున్నాకే ముందుకెళ్ళారు. చూసేవాళ్ళకి తెలియనే తెలియలేదు. మన భామాకలాపంలో చూడండి, సూత్రధారుడే మాధవి అయ్యి సత్యభామతో మాట్లాడతాడు. పాడేవాళ్ళూ ఆడేవాళ్ళూ వేరని మనవాళ్ళు అనుకోలేదు. డిగ్రీలో ఉండగా చదివి మార్కులు తెచ్చుకున్నాను గానీ, ఎందుకలా పెట్టారో ఆలోచించలేదు.

ఆ పిల్లని పదో తరగతిలో నేనే డాన్స్ మానిపించాను. ఇంటర్ ఎంపీసీ, పొద్దున ఐదింటికి లేవడం, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్స్. "రెండేళ్ళేగా, తర్వాత చూద్దాం" అన్నాను. సరేనంది. ఏడవలేదు కూడా. నేనూ దాని మొహం చూడలేదు. పెన్‌డ్రైవ్ పాటలా సాగిపోయాను.

ఆఖర్న చప్పట్లు కొడుతుంటే, చూసేవాళ్ళలోంచి ఒకావిడ లేచి తల వంచింది. ఆ సంగీతం రాసింది ఆవిడేనట. మా వెనక కుర్చీలోనే కూర్చుంది ఇంతసేపూ!

తిరిగి నడుస్తుంటే అమ్మాయి చెప్పింది. 1957లో ఆ సిటీ సెంటర్‌లోనే బాలన్‌షైన్ 'అగాన్' అనే బ్యాలే మొదటిసారి ఆడించాడట. పన్నెండుమంది డాన్సర్లు, సంగీతం స్ట్రావిన్‌స్కీది. ఏ ముక్క ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు ఉండాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని తయారుచేశారట.

"రాసినవాళ్ళు బతికుంటే అదే సుఖం అమ్మా. ఇక్కడ కాస్త పెంచండి, కాలు అందట్లేదు అని అడగొచ్చు" అంది.

"మరి నువ్వెందుకు అడగలేదే, అప్పుడు?" అన్నాను. ఏ అప్పుడో చెప్పక్కర్లేకపోయింది.

కాసేపు మాట్లాడలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అంది: "ఆర్నెల్లుగా ఎడిసన్‌లో ఓ టీచర్ దగ్గర ఆదివారాలు కూచిపూడి క్లాసుకి వెళ్తున్నానమ్మా. ఉద్యోగం వెతుక్కోకుండా ఇదేమిటంటావని చెప్పలేదు."

నిజమే, అనేదాన్నే. ఆ మాట దానితో అనలేక, "గజ్జెలు ఎక్కడివి?" అన్నాను.

"నావే. వచ్చేటప్పుడు పచ్చడి సీసాల మధ్య పెట్టుకొచ్చాను."

ఆ సూట్‌కేసు సర్దింది నేనే. సీసాలు లెక్కపెట్టి, బట్ట చుట్టి, తూకం కూడా వేశాను. గజ్జెలు మాత్రం కనబడలేదు నాకు.

మర్నాడు ఆదివారం. దానితో పాటు క్లాసుకెళ్ళి, గోడవార కూర్చుని చూశాను. పదేళ్ళ పిల్లల మధ్య ఇరవైమూడేళ్ళది, మొదటి అడుగులు మళ్ళీ వేస్తోంది. మోకాళ్ళు సరిగ్గా వంగడం లేదు. వచ్చే ఏడాది చిన్న ప్రోగ్రాం ఉందిట, పాట రికార్డుదేనట. ఆర్కెస్ట్రా ఖర్చు ఎవరూ భరించలేరని టీచర్ అన్నారు.

మా వీధిలో వేసే చీటీ నాకు సంక్రాంతికి వస్తుంది. గాజులు చేయించుకుందామనుకున్నాను. కనీసం ఒక మృదంగం, నట్టువాంగం అయినా కుదురుతాయేమో కనుక్కోమని దానికి చెప్పాను. అక్కడి రేట్లు విన్నాక మావారు ఏమంటారో చూడాలి.